క్రాసింగ్ మేస్త్రీ ఇల్లరికం

ఎమ్మిగనూరు చుట్టుపక్కల పత్తి విత్తనం పండించే రైతులకు రామాంజి పేరు బాగా తెలుసు. తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే తానే వెళ్లి తెలియజేసి వచ్చేవాడు. ఆ వైపు క్రాసింగ్ మేస్త్రీ అంటే అల్లాటప్పా మనిషి కాదు. ఆడకూలీలను ఆటోల నిండా ఎక్కించుకొచ్చి, రేపు విచ్చుకోబోయే మొగ్గల్ని ఈ సాయంత్రమే గిల్లించాలి. లోపలి మగభాగం గోటితో తీయించి, పైన ఎర్రకాగితం తొడిగించాలి. మర్నాడు ఎండ ముదరకముందే మగచెట్ల పూలు తెంపించి, వాటి పొడిని ఆడపూల మొనలకు రుద్దించాలి. ఈ పనంతా ఆడవాళ్ల వేళ్లు చేస్తాయి. గట్టున గొడుగు కింద నిలబడి అరిచే పని మాత్రం రామాంజి స్వయంగా చేసేవాడు. కాయ బాగా పడితే అది మేస్త్రీ హస్తవాసి, పడకపోతే ఆడవాళ్ల గోళ్లు మంచివి కావు. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు, పాపం ఆయనకు ఏనాడూ తప్పు పట్టడానికి గోళ్లు కరువు కాలేదు.

ఏళ్ల తరబడి గట్టున నిలబడి చూసి చూసి అతనికి ఒక వేదాంతం ఒంటబట్టింది. ఒక్క మగపూవు పొడితో నాలుగైదు ఆడపూలు కాయలవుతాయి కదా, కాబట్టి లోకమంతా మగపొడి మీదే నడుస్తోంది, ఆడపూవు అనేది ఆ పొడి పడే తావు మాత్రమే. దీన్ని టీ అంగడిలో చెప్పేవాడు, పెళ్లి పందిట్లో చెప్పేవాడు. ఒకసారి చావింటి ముందు కూడా మొదలుపెట్టి నాలుగు తిట్లు తిన్నాడు. భార్య పుష్ప మాత్రం ఆ ఉపన్యాసం విన్నప్పుడల్లా తల వంచుకుని బియ్యంలో రాళ్లు ఏరేది. ఆమె నవ్వుతోందని రామాంజికి ఎప్పుడూ తోచలేదు.

అతనికి మరీ చులకన ఎవరంటే తోడల్లుడు రంగప్ప. పుష్ప అక్కను చేసుకుని, దేవనకొండ దగ్గర పల్లెలో మామ లక్ష్మప్ప ఇంట్లోనే ఇల్లరికం ఉండిపోయిన మనిషి. ఆవు పాలు పిండుతాడు, అత్తకు నీళ్లు తోడిస్తాడు, ఎవరేమన్నా నవ్వి ఊరుకుంటాడు. పండక్కి వెళ్లినప్పుడల్లా రామాంజి అతన్ని పట్టుకుని, ఆడదాని గడపలో పడి కూర్చున్నవాడు మగవాడెట్లా అవుతాడని అడిగేవాడు. రంగప్ప ఆ ప్రశ్న మీద కోపగించుకోకుండా అతనికి ఇంకో గ్లాసు మజ్జిగ పోసేవాడు.

ఇంత తెలిసిన మేస్త్రీకి పెళ్లై ఏడేళ్లు దాటినా పిల్లలు లేరు. ఊళ్లో ఎకరాలకు ఎకరాలు కాయ పట్టించినవాడి ఇంట్లో ఒక్క కాయ పడలేదని జనం నవ్వుకున్నారు. వాళ్లు అతని ఎదుట నవ్వలేదు కాబట్టి జనానికి తనంటే గౌరవమని అతను అనుకున్నాడు.

పిల్లల కోసం అతను ప్రయత్నం చేయలేదని మాత్రం ఎవరూ అనడానికి లేదు. ఊరి ఆశా కార్యకర్త ఒకనాడు పుష్పకు, నెలసరికీ నెలసరికీ సుమారుగా నడుమ అండం విడుదలవుతుందని చెప్పింది. ఆ మాట తెచ్చి మొగుడి చెవిలో వేయడమే పుష్ప చేసిన పొరపాటు. అంటే పువ్వు విచ్చుకునే దినం అదన్నమాట, అనుకున్నాడు రామాంజి. పత్తిచేలో ఆ లెక్క అతనికి కొట్టిన పిండి. విచ్చని మొగ్గ మీద పొడి రుద్దేవాడు వెర్రివాడు. పొడి తాజాగా ఉండాలి, పువ్వు తెరుచుకుని ఉండాలి, వేళ దాటితే ఎండకు పొడి చచ్చిపోతుంది.

ఇక చూడండి ఆ మనిషి నిష్ఠ. నెలలో మొదటి సగం ఇంటి గడప తొక్కడు, తొక్కినా పుష్ప వైపు చూడడు, పొడి దండగని చేని కొట్టంలోనే పడుకుంటాడు. పువ్వు విచ్చుకుని ఉంటుందని గట్టిగా నమ్మకం కుదరాలి కాబట్టి నడిమి రోజు దాటి ఇంకొకటి రెండు రోజులు కూడా ఆగుతాడు. ఆ తర్వాత సరిగ్గా చేలో పూలు రుద్దే వేళకు, పట్టపగలు, బండెక్కి ఇంటికి వస్తాడు. మేస్త్రీ బండి ఆ వేళప్పుడు వీధిలోకి మళ్లిందంటే కొళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు అక్కడే పెట్టి ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. పుష్ప సిగ్గుతో సగం చచ్చిపోయేది. మిగతా సగం, మళ్లీ బండెక్కి పోతూ అతను కొళాయి దగ్గర ఆగి నీళ్లు తాగుతుంటే చచ్చేది. క్రాసింగ్ అయిన పువ్వుతో మేస్త్రీకి పనేముంది? వచ్చే నెల దాకా ఆ ఇంటితోనూ లేదు.

చివరికి పుష్పే పోరుపెట్టి ఆదోనిలో డాక్టర్ ప్రజ్ఞ దగ్గరికి తీసుకెళ్లింది. ముందు పుష్పకు పరీక్షలన్నీ చేశారు, అన్నీ బాగున్నాయన్నారు. తర్వాత మొగుడికి కూడా చేయాలన్నారు. వేరే మగవాళ్లయితే ఆ మాటకు మండిపడి మెట్లు దిగిపోతారు. రామాంజి అలాంటివాడు కాదు. పరీక్ష రాయమంటే భయపడటానికి తానేం ఆడపూవా? ధీమాగా వెళ్లి ఇవ్వవలసింది ఇచ్చి వచ్చాడు. మిల్లీలీటరుకు ఆరు కోట్ల వీర్యకణాలు, సగానికి పైగా చురుగ్గా కదులుతున్నాయి అని రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ ఇంకేదో అడగబోతోంది. అప్పటికే రామాంజి బస్టాండు పక్క జిరాక్సు అంగడిలో ఆ కాగితానికి లామినేషన్ చేయిస్తున్నాడు.

ఇంటికొచ్చి దాన్ని దేవుడి పటాల పక్కన మేకుకు తగిలించాడు. వచ్చినవాళ్లందరికీ వేలు పెట్టి చూపించాడు. మన రాష్ట్రంలోనే అంత జనం లేరప్పా అనేవాడు. పదో తరగతిలో మూడు సబ్జెక్టులు పోయిన మనిషికి జీవితంలో వచ్చిన మొదటి ర్యాంకు అది, ఆ మాత్రం మురిసిపోవడంలో తప్పులేదు. పుష్ప రిపోర్టు కూడా బాగుందన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. దానికి లామినేషన్ లేదు మరి.

ఆ కాగితం చూసి ఎక్కువ సంతోషించింది అతని తల్లి ముత్తమ్మ. ఆమెకు చదువు రాదు గానీ తీర్పు చెప్పడం వచ్చు. విత్తనం మంచిదని డాక్టరే రాసిచ్చింది కాబట్టి దోషం నేలదే అని తేల్చేసింది. తుగ్గలి వైపు దూరపు చుట్టాల పిల్లను కూడా చూసిపెట్టింది. క్రాసింగ్ పని ముగిసేలోపు మాట ఖాయం చేద్దామంది. రామాంజి అవుననలేదు, కాదనలేదు. ముప్పై మంది ఆడవాళ్ల మీద గట్టున నిలబడి అరిచే గొంతు తల్లి ముందు ఎప్పుడూ లేవలేదు. పుష్ప పొయ్యి దగ్గర కూర్చుని అంతా విన్నది. రొట్టె కాల్చడం ముగించి, చేతులు కడుక్కుని, బట్టలు మూట కట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"నేల అంటాండారు గదత్తా. నేలైతే యాడికీ పోదు. నేను పోతాండా," అంది.

దేవనకొండ బస్సెక్కి పుట్టింటికి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లిన నాలుగు రోజులకే రామాంజికి ఇల్లు బావురుమంది. నెలకోసారి తప్ప ఇంటి మొహం చూడనివాడికి ఇల్లు బావురుమనడం ఏమిటని మీరు అడగవచ్చు, అతనూ అదే ప్రశ్న వేసుకున్నాడు. ఆమె పంపే సద్దిమూటలో ఉల్లిపాయ ముక్కలు సన్నగా తరిగి ఉండేవని, తాను పెద్దగా మాట్లాడుతున్నప్పుడు ఆమె పెదవి చివర ఏదో వంకర తిరిగేదని అప్పుడు గుర్తొచ్చింది. అది నవ్వేనేమోనని మొదటిసారి అనుమానం వచ్చింది. అతనికి తుగ్గలి పిల్ల అక్కర్లేదు, పుష్పే కావాలి. ఆ ముక్క తల్లితో చెప్పే ధైర్యం లేదు. ధైర్యం లేనివాడికి తెలివి ఎక్కువ కాబట్టి ఒక ఉపాయం తట్టింది. పుష్పకు ఇక పిల్లలు పుట్టరని డాక్టరమ్మే ఒక కాగితం రాసిస్తే, తల్లి మాట విని పుష్పను వదులుకున్నా తప్పు తనదీ కాదు, తల్లిదీ కాదు, కాగితానిదవుతుంది. మరమరాల ఉగ్గాని, బజ్జి కడుపునిండా తిని ఆదోని ఆసుపత్రి మెట్లెక్కాడు.

డాక్టర్ ప్రజ్ఞ అతని కోరిక విని పెన్నుకు మూత పెట్టింది. ఆ తర్వాత, రిపోర్టు వచ్చిన రోజు అతను లామినేషన్ తొందరలో విననే వినని ప్రశ్న అడిగింది. మీరిద్దరూ ఎప్పుడెప్పుడు కలుస్తారు? రామాంజి కుర్చీలో సర్దుకుని, గర్వంగా, క్రాసింగ్ విద్యంతా మొదటినుంచీ చివరిదాకా వివరించాడు. మొగ్గ, పువ్వు, పొడి, ఎండ, వేళ, బండి, ఏదీ వదల్లేదు. పక్కనున్న నర్సు ఏదో చీటీ తేవాలని గుర్తొచ్చినట్టు బయటికి వెళ్లిపోయింది. డాక్టరమ్మ నవ్వలేదు, అందుకు ఆమె పళ్లు గట్టిగా బిగించవలసి వచ్చింది.

"ఏడేళ్లూ మీరు భోజనాల బంతి లేచిపోయినాక పోయి విస్తరి అడిగినారు రామాంజీ," అంది చివరికి.

తర్వాత ఆమె కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. అండం విడుదలయ్యాక ఒక్క రోజుకు మించి బతకదు. అతను నమ్మకం కుదిరేదాకా ఆగి ఆగి వచ్చేసరికి అది ఉండదు. గర్భాశయం ముఖద్వారం దగ్గర జిగురు ఉంటుంది. నెలలో చాలా రోజులు అది చిక్కగా గడ్డకట్టి తలుపు మూసేస్తుంది. అండం విడుదలకు ముందు కొద్ది రోజులు మాత్రం కోడిగుడ్డు తెల్లసొనలా పలచబడి సాగుతుంది, అప్పుడే దారి ఇస్తుంది. విడుదలైన వెంటనే మళ్లీ చిక్కబడుతుంది. అంటే ఈయనగారు తాజా పొడి పట్టుకుని బండి మీద వచ్చే వేళకు లోపల పువ్వూ లేదు, వాకిట తలుపూ తెరిచి లేదు.

మరి ఆరు కోట్లు, అని గొణిగాడు రామాంజి. డాక్టరమ్మ ఆ ఆరు కోట్ల సంగతీ చెప్పింది. అవి తోక ఆడిస్తూ ఈదుతాయి, నిజమే. నిమిషమంతా ఈదితే ఒకటి రెండు ఆవగింజలంత దూరం పోతాయి. కళ్లు లేవు కాబట్టి గోడలు పట్టుకుని పోతాయి. చాలావరకు వాకిట్లోనే రాలిపోతాయి, అండనాళం దాకా చేరేవి ఏ కొన్ని వందలో. అవి కూడా పూర్తిగా సొంత బలంతో చేరవు. గర్భాశయం తనంతట తాను అలలాగా ముడుచుకుంటూ వాటిని పైకి తోస్తుంది. చేరినవి చేరినట్టు వెళ్లి అండాన్ని గెలుచుకుంటాయా అంటే అదీ లేదు. మగవాడి ఒంట్లోంచి వచ్చినప్పుడు వాటికి ఆ శక్తే ఉండదు. ఆమె ఒంట్లో కొన్ని గంటలు గడిపితేనే పక్వానికి వస్తాయి. కొన్ని ఆ నాళం గోడను అంటిపెట్టుకుని ఊపిరి నిలబెట్టుకుంటాయని అంటారు. అండం వచ్చే వేళకు తోక తీరు మారి, గోడను విదిలించుకుని, అండం వైపు నుంచి వచ్చే సంకేతాన్ని బట్టి కదులుతాయి. తలుపు తెరిచిన రోజుల్లో వెళ్లినవి ఐదు రోజుల దాకా కూడా బతుకుతాయి. పత్తి పొడి మధ్యాహ్నానికి చస్తుంది గానీ మనిషిది అలా కాదు, ఆమె ఒళ్లు దాన్ని కాపాడుతుంది.

రామాంజి ఆ బొమ్మ వైపు నోరు తెరుచుకుని చూశాడు. పదిహేనేళ్ల వేదాంతం అతని కళ్ల ముందే పెట్టే బేడా సర్దుకుంటోంది.

"అంటే మగది ముందుగాలే పోయి, ఆమె ఇంట్లో కూసోని, ఆమె పిలిసేదాకా కాసుకోని ఉండల్లనా?"

"ఉండాలి."

"అట్లయితే ఇల్లరికమే గద మేడమ్."

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, దాదాపుగా అంతే అంది. పుష్ప పనికిరాదని తాను ఏ కాగితమూ రాయనంది. తుగ్గలి పిల్లను చేసుకున్నా ఇదే పద్ధతిలో బండేసుకుని పోతే ఆ పిల్లా ఏడేళ్ల తర్వాత ఇదే కుర్చీలో కూర్చుంటుందని చెప్పి, తర్వాతి మనిషిని పిలిచింది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి ఆ రోజు బస్టాండులో రెండు బస్సులు వదిలేశాడు. ఎమ్మిగనూరు బస్సు వదిలాడు, మళ్లీ వచ్చిన ఎమ్మిగనూరు బస్సూ వదిలాడు. చివరికి దేవనకొండ వైపు పోయే బస్సెక్కి, వట్టి చేతులతో పోవడమేమిటని సగం దారిలో దిగిపోయాడు. మర్నాడు బట్టల సంచి కోసం ఇంటికి వచ్చి, తల్లి పొలంలో ఉన్న వేళ చూసి సర్దుకున్నాడు. క్రాసింగ్ ముమ్మరంగా ఉన్న కాలంలో తన కూలీలను ఇంకో మేస్త్రీకి అప్పగించేశాడు. మేకుకున్న రిపోర్టు కూడా సంచిలో పెట్టుకున్నాడు. ఎంత మారినా మనిషి ఒక్కరోజులో మారడు కదా.

లక్ష్మప్ప ఇంటి ముందు అతన్ని మొదట చూసింది రంగప్పే. ఒక చేత్తో పాలచెంబు పట్టుకుని, ఇంకో చేత్తో సంచి అందుకున్నాడు, ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడం రామాంజికి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. పుష్ప గడపలో నిలబడి ఎందుకొచ్చావంది. అతను డాక్టరమ్మ చెప్పిందంతా తడబడుతూ చెప్పాడు. ముందే వచ్చి కాచుకుని ఉండాలట అన్నాడు. ఆమె పెదవి చివర అదే వంకర కనిపించింది. ఈసారి అది నవ్వని అతనికి రూఢిగా తెలిసింది.

"ఉంటే ఉండు," అంది పుష్ప. "పిలిసేది మాత్రం నేను."

అలా మొదలైంది మేస్త్రీగారి ఇల్లరికం. పుష్ప తల్లి ఆ లామినేషన్ కాగితాన్ని తిరగేసి మరగేసి చూసి, గట్టిగా ఉంది, నీళ్లకు తడవదు, చీమలు పోవు అని సంతోషించి మజ్జిగకుండ మీద మూత పెట్టింది. ఆరు కోట్లకు ఆ ఊళ్లో దొరికిన ఉద్యోగం అది. రామాంజి ఊరికే కూర్చుంటే బాగుండదని పుష్పతో పాటు క్రాసింగ్ కూలికి వెళ్లాడు. జీవితంలో మొదటిసారి సొంత గోటితో మొగ్గ గిల్లాడు. రెండు రోజులకు గోటి చివర చర్మం లేచి పచ్చిపుండైంది, నడుము పట్టేసింది. గట్టున గొడుగు కింద ఇంకెవరో మేస్త్రీ నిలబడి, ఏమప్పా నీ గోళ్లు మంచివి కావే అని అరిచాడు. పక్క సాలులో పుష్ప దగ్గు వచ్చినట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రాలు ఇద్దరూ నడిచి ఇంటికి వచ్చేవారు. ఏడేళ్లలో మాట్లాడనన్ని మాటలు ఆ దారిలో మాట్లాడుకున్నారు. పట్టపగలు బండి చప్పుడు విన్నప్పుడు తనకు బావిలో దూకాలనిపించేదని ఆమె చెప్పింది. అతను నడవడం ఆపి రోడ్డు మీద నిలబడిపోయాడు. తప్పయిందని చెప్పడం అతనికి చేతకాదు, అందుకని ఆమె నెత్తిమీది గడ్డిమోపు తన నెత్తికి ఎత్తుకున్నాడు. ఆ తర్వాత ఏ పూట ఎవరు ఎవరిని పిలిచారన్నది ఏ కొళాయి దగ్గరా ఎవరికీ తెలియలేదు, మనకూ అక్కర్లేదు.

మొదటి నెల ఏమీ కాలేదు. డాక్టరమ్మ చెప్పినట్టు అన్నీ కుదిరినా ప్రతి నెలా పండదు. రామాంజి ముఖం వాడిపోయింది గానీ సంచి సర్దలేదు.

క్రాసింగ్ ముగిసేవేళకు ముత్తమ్మ ఆటో కట్టించుకుని దిగింది. కొడుకు ఆవు కింద పేడ ఎత్తుతూ కనిపించాడు. గుండె పట్టుకుని అరుగు మీద కూలబడి, ఈ ఇంటివాళ్లు తన కొడుక్కి మందు పెట్టారని నాలుగిళ్లకు వినిపించేలా చెప్పింది. ఆపైన అసలు మాట చెప్పింది. తుగ్గలివాళ్లు రేపు తాంబూలాలకు ఒప్పుకున్నారు, ఆటో బయటే ఉంది, ఎక్కు. మామ లక్ష్మప్ప తల దించుకున్నాడు. రంగప్ప దూడను విప్పడం ఆపేశాడు. పుష్ప వంటింటి గుమ్మంలో నిలబడి మొగుడి వైపే చూసింది. ఎక్కితే ఏడేళ్ల కాపురం ఆ ఆటోతోనే పోతుంది.

రామాంజి చేతులు కడుక్కున్నాడు. మామూలుగా కడుక్కునే దానికంటే చాలాసేపు కడుక్కున్నాడు. తర్వాత తల్లి ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

"నేను రానమ్మా. బిడ్డ పుట్టినా ఈడే, పుట్టకున్నా ఈడే. పుష్ప పొమ్మన్ననాడు పోతా, నువ్వు రమ్మంటే కాదు."

ముత్తమ్మ తిట్టింది, ఏడ్చింది, కొడుకు పుట్టినప్పటి నొప్పులు గుర్తు చేసింది. అతను తల్లి పక్కన కూర్చుని ఆమె కాళ్లు పట్టుకున్నాడు గానీ ఆటో ఎక్కలేదు. చివరికి రంగప్పే ఆమెను మెల్లగా లేపి, మజ్జిగ తాగించి, ఆటో ఎక్కించి వచ్చాడు. ఆ విద్యలో అతన్ని మించినవాడు లేడు.

ఆటో దుమ్ము అణిగాక పుష్ప వచ్చి అరుగు మీద అతని పక్కన కూర్చుంది. నెల తప్పిందని చెప్పింది. ఇక్కడి ఆశా కార్యకర్త పరీక్ష చేసి ఖాయమని చెప్పి కూడా వారం దాటిందంది.

రామాంజి వేళ్ల మీద వారం వెనక్కి లెక్కపెట్టాడు. "వారం నుంచి నాకెందుకు సెప్పలా?" అన్నాడు.

"మీయమ్మ వస్తాదని కబురొచ్చినాది. నువ్వేం సెప్తావో సూద్దామని ఉంటి."

"నేను ఆటో ఎక్కింటే?"

"ఎక్కింటే సెప్పేదాన్ని కాదు," అంది పుష్ప. "బిడ్డ నాతోనే ఉంటుండె."

రామాంజి ఆమె వైపు చూశాడు. ఆరు కోట్ల మందిలో ఒకడిగా ఇన్నాళ్లూ ఆ వాకిట నిలబడి ఉన్నానని, లోపలికి రానిచ్చింది ఈ ఘడియలోనేనని అతనికి అప్పుడు అర్థమైంది. కళ్లు తుడుచుకుని లేచి వంటింట్లోకి వెళ్లాడు. కుండ మీది లామినేషన్ మూత తీసి పక్కన పెట్టి, గ్లాసులో మజ్జిగ పోసి తెచ్చి పుష్ప చేతికిచ్చాడు.